ఉప్పాడలో సంద్రం ఎక్కడిదాకా వచ్చింది?

అల్పపీడనం వెళ్లిన మర్నాడు కాకినాడలో షేర్ ఆటో ఎక్కి బీచ్ రోడ్డు మీదుగా ఉప్పాడ వెళ్లాను. కుడిపక్కన సముద్రం, దానికి అడ్డంగా పోసిన నల్లరాళ్లు. కొన్నిచోట్ల తారు సగం కోసుకుపోయి, ఆటో ఎడమకి ఒరిగి మరీ నడిచింది. ఒకప్పుడు ఇక్కడ జియోట్యూబులతో, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలతో, గోడ కట్టారు. కెరటాలు దాన్నీ ఉంచలేదు.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని పలకరించాను. "అదిగో, కెరటం ఇరుగుతోంది చూశారా? అక్కడ మా తాతల ఇల్లుండేదండి" అన్నాడు. వేట సంగతడిగితే, దగ్గర్లో చేప దొరకడం తగ్గిందని, లోపలికెళ్తే డీజిలు ఖర్చులు కూడా రావడం లేదని చెప్పాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ వేట నిషేధం. మిగతా నెలల్లో తుపాను హెచ్చరిక వచ్చిందంటే పడవ ఒడ్డునే.

దీన్నంతా వాతావరణ మార్పు ఖాతాలో రాసేయడం నాకు నచ్చదు. బంగాళాఖాతం వేడెక్కి తుపాన్లు త్వరగా బలపడుతున్నాయి, సముద్రమట్టం పెరుగుతోంది, నిజమే. కానీ తీరానికి ఇసుక తెచ్చిపెట్టేది గోదావరి. పైన జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ లాంటి జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతోంది. వచ్చిన కాస్త ఇసుకా తీరం వెంట ఉత్తరానికి జరుగుతూ ఉప్పాడ చేరేలోగా ఓడరేవు కట్టడాలు అడ్డుపడతాయి. కాకినాడకి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ దీవి కాపు ఉంది, కోరంగి వైపు మడ అడవులున్నాయి. ఉప్పాడకి ఆ రెండూ లేవు. ఇసుక అందని తీరాన్ని, పెరిగిన సముద్రం కొడుతోంది.

తుపాను తగ్గాక ఇక్కడ ఇసుకలో బంగారం వెతుకుతారు. 2020లో నివర్ తుపాను వెళ్లాక జనం ఎగబడ్డారు. మునిగిపోయిన ఇళ్లలోవీ గుళ్లలోవీ అని ఊళ్లో అనుకుంటారు.

ఊళ్లోకి నడిస్తే జామ్దానీ మగ్గాలు. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన చీర ఇది. ముందూ వెనకా ఒకేలా కనిపించే బుటా చూసి కాసేపు నిలబడిపోయాను. కాళ్లు గుంటలో పెట్టుకుని నేసే గుంట మగ్గం కావడంతో ముసురు పడితే గుంటలో నీరూరుతుందట, ఆ రోజుల్లో నేత ఆగిపోతుంది. కాళ్లు ఆ తడిలోనే పెట్టి నేస్తే కీళ్లు పట్టేస్తాయని నేత నేసే ఆవిడ చెప్పింది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటున్నాయని తాగడానికి టిన్ను నీళ్లు కొంటున్నారు.

తిరిగి ఒడ్డుకొస్తే పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడు. ఇల్లు పోయినవాళ్లకి తీరానికి దూరంగా ఎక్కడో స్థలం ఇస్తామంటున్నారట. వెళ్తారా అనడిగాను.

"పడవ ఇక్కడ, నేనక్కడా? రాత్రి పోటొస్తే దాన్ని పైకి లాగేదెవరండీ?" అని, వల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.