టాటామొబైల్ పవర్ యాంటెనా: విప్పి, కడిగి, మళ్లీ లేపిన పని

బండి పాత టాటామొబైల్ పికప్. 1988లో టాటా వాళ్లు తెచ్చిన మోడల్, 1991లో వచ్చిన సియెర్రాకి పునాది ఇదే. నా దగ్గరికి శ్రీకాకుళం రాకముందు ఇది చాలా ఏళ్లు కళింగపట్నం వైపు ఉప్పుగాలిలో తిరిగింది. ఎడమ మడ్‌గార్డు మీద ఎవరో ముచ్చటపడి పవర్ యాంటెనా పెట్టించుకున్నారు, అంటే రేడియో వేస్తే మోటారుతో దానంతటదే లేచి, కట్టేస్తే దిగే రాడ్డు. బండితో వచ్చింది కాదు, బయట కొని బిగించినది. స్టిక్కరు పూర్తిగా చెరిగిపోయింది కాబట్టి ఏ కంపెనీదో చెప్పలేను.

జబ్బు ఇదీ: రేడియో ఆన్ చేస్తే రాడ్డు సగం దాకా లేచి ఆగిపోతుంది. లోపల మోటారు మాత్రం పది పన్నెండు సెకన్ల పాటు గరగరమని తిరిగి అప్పుడు ఆగుతుంది. రేడియో కట్టేస్తే మళ్లీ గరగర, రాడ్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర నాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్‌కి చూపించాను. రెండుసార్లు ఆన్ చేసి విని తేల్చేశాడు. "ఈ రోజుల్లో రేడియో ఎవులింతన్నారు బావూ? మోటారు పోయింది. పీకీసి రబ్బరు ముక్క బిగించీసుకో." మంచి పనివాడు, నా మేలు కోరే చెప్పాడు. నాకు మాత్రం రేడియో కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడు బ్యాటరీ ఉన్న బండిలో పనిచేసే రేడియో ఒకటి ఉండడం చిన్న విషయం కాదు. పైగా మోటారు తిరుగుతున్న శబ్దం చెవికి వినిపిస్తూనే ఉంది. తిరిగే మోటారుని పోయిందని ఎలా అనుకుంటాం?

విప్పే ముందు

ఇలాంటి యాంటెనాకి మూడు తీగలు ఉంటాయి. ఒకటి ఫ్యూజ్ మీదుగా బ్యాటరీ నుంచి ఎప్పుడూ 12 వోల్టులు తెచ్చేది. రెండోది రేడియో నుంచి వచ్చే నీలం తీగ. మూడోది ఎర్తు. రేడియో వేయగానే నీలం తీగలోకి 12 వోల్టులు వస్తాయి, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని మళ్లించే స్విచ్) పడుతుంది, మోటారు ఒకవైపు తిరిగి రాడ్డుని లేపుతుంది. రేడియో కట్టేస్తే నీలం తీగలో కరెంటు ఆగిపోతుంది, రిలే వదిలేస్తుంది, మోటారుకి ప్లస్ మైనస్ తారుమారై వెనక్కి తిరుగుతుంది. దించే కరెంటు ఎప్పుడూ ఉండే తీగ నుంచే రావాలి, ఎందుకంటే అప్పటికే రేడియో ఆగిపోయి ఉంటుంది. ఆ తీగ ఫ్యూజ్ పోతే యాంటెనా లేవదు, దిగదు.

కాబట్టి శబ్దాన్ని బట్టే సగం రోగం పట్టుకోవచ్చు. అసలు శబ్దమే లేకపోతే ఫ్యూజ్, ఎర్తు, నీలం తీగ ఆ వరసలో చూడాలి. మోటారు మూలుగుతూ భారంగా తిరుగుతుంటే రాడ్డు వంగిందో, మురికితో బిగిసిందో అనుకోవాలి. మోటారు తేలిగ్గా తిరుగుతూ రాడ్డు కదలకపోతే, లోపల రాడ్డుని తోసి లాగే నైలాన్ పళ్ల తాడు తెగిందో, దాని పళ్లు పోయాయో అన్నమాట. నా బండిలో చివరి రెండూ కలిసి ఉన్నాయి.

మల్టీమీటరుతో ఇంకో పరీక్ష కూడా విప్పక ముందే చేశాను. రేడియో వెనక యాంటెనా ప్లగ్గు లాగి, దాని నడి పిన్నుకీ రాడ్డు కొనకీ మధ్య చూస్తే దాదాపు సున్నా ఓమ్‌లు రావాలి. నడి పిన్నుకీ బయటి తొడుగుకీ మధ్య మీటరు అస్సలు కదలకూడదు. నా దాంట్లో మొదటిది బాగానే ఉంది. రెండోచోట మాత్రం అంకె ఒకచోట నిలవకుండా పైకీ కిందికీ ఊగులాడింది. లోపల తడి ఉందని అప్పుడే అర్థమైంది.

విప్పాక

బ్యాటరీ మైనస్ ముందు తీసేశాను. పైన ఉన్న గుండ్రటి నట్టుకి రెండు గాట్లుంటాయి. దానికి వేరే పానా ఉంటుంది గానీ, సన్న ముక్కు ప్లయర్ రెండు కొనలూ ఆ గాట్లలో పెట్టి నెమ్మదిగా తిప్పితే వచ్చేస్తుంది. మడ్‌గార్డు రంగు గీసుకుపోకుండా చుట్టూ ఇన్సులేషన్ టేపు వేశాను. కింద బ్రాకెట్ బోల్టు తుప్పుతో ఒకటైపోయింది. డీజిల్ రాసి రాత్రంతా వదిలేస్తే తెల్లారి వచ్చింది.

మోటారు డబ్బా మూత తీశాక కనిపించినది చెప్పాలి. తెల్లగా ఉండాల్సిన గ్రీజు ముదురు గోధుమ రంగు ముద్దయి, పళ్ల చక్రం సందుల్లో గట్టిగా దిగి ఉంది. వేలితో నలిపితే ఇసుక తగిలింది. తాడు చుట్టుకునే గుండ్రటి డబ్బా అడుగున స్పూనుడు నీళ్లు. ఆ నీళ్లలో నైలాన్ పళ్లు విరిగి, తెల్లటి నూకల్లా తేలుతున్నాయి. తాడు మాత్రం తెగలేదు. ఒక జానెడు మేర దాని పళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. చక్రం ఆ భాగానికి రాగానే పట్టు దొరక్క గరగరమనేది. రాడ్డు ఎప్పుడూ సగంలోనే ఎందుకు ఆగేదో తెలిసింది.

మరి నీళ్లు ఎక్కడివి? వాన నీళ్లు రాడ్డు వెంట కొంత ఎలాగూ దిగుతాయి. అందుకే మామూలుగా పవర్ యాంటెనా అడుగున నీళ్లు పోయే చిన్న బెజ్జం, దానికో రబ్బరు గొట్టం ఇస్తారు. నా దాంట్లో ఆ గొట్టం చివర మడ్‌గార్డు లోపలి మట్టిలో కూరుకుపోయి, రాయిలా గట్టిపడింది. ఉప్పుతో కలిసిన నీళ్లు బయటికి దారిలేక ఏళ్ల తరబడి గేర్ల దగ్గరే నిలిచాయి. మట్టి కలిసిన గ్రీజు బిగిసి, రాడ్డు భారమై, ఆ భారానికి పళ్లు విరిగాయి. పవర్ యాంటెనా పాడైందని ఎవరన్నా అంటే నేను ముందు ఈ గొట్టమే చూడమంటాను. దీన్ని వదిలేసి కొత్త మోటారు వేసినా అదీ ఇదే దారి పడుతుంది.

మోటారు

రెండు తీగలు పెట్టి, మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజ్ వేసి, మోటారుని నేరుగా బ్యాటరీకి కలిపి చూశాను. ప్లస్ మైనస్ మార్చి కూడా చూశాను. రెండువైపులా తిరిగింది, కాస్త తడబడుతూ. విప్పితే కార్బన్ బ్రష్‌లు ఇంకా సగానికి పైగా ఉన్నాయి, అవి రాసుకునే రాగి ముక్కల వలయం, కమ్యుటేటర్ మాత్రం నల్లబడింది. ఇక్కడ చాలామంది ఎమరీ కాగితం వాడతారు. అది వద్దు. దాని రేణువులకి కరెంటు పారే గుణం ఉంది, రాగి ముక్కల మధ్య సందుల్లో ఇరుక్కుంటే షార్ట్ అవుతుంది. 600 నంబరు మామూలు గాజు కాగితంతో తేలిగ్గా రుద్ది, సందుల్లో మసిని గుండుసూదితో గీరి తీశాను. బుష్‌లకి ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె. అంతకంటే ఎక్కువ వేస్తే బ్రష్‌ల మీదికి పాకుతుంది. ఇప్పుడు మోటారు శబ్దం సన్నగా, ఒకే తీరున వస్తోంది.

గేర్లని కిరోసిన్‌తో కడిగి, పాత టూత్‌బ్రష్‌తో ప్రతి పన్నూ తోమి, ఆరాక తెల్ల లిథియం గ్రీజు పలచగా పూశాను. రిలే పలకకి ఒకచోట సోల్డర్ పగిలి వలయంలా చీలి ఉంది. మళ్లీ సోల్డర్ పట్టించాను.

తాడు కోసం తిరుగుడు

ఈ పనిలో నెలల తరబడి ఆగింది ఇక్కడే. తాడు ఒక్కటే విడిగా నాకు దొరకలేదు. రాడ్డులో అన్నిటికంటే సన్న గొట్టం అడుగున తాడు నొక్కి బిగించి ఉంటుంది కాబట్టి రాడ్డూ తాడూ కలిపే కొనాల్సి వచ్చింది. అన్ని బండ్లకీ సరిపోతుందని అమ్మేవి ఆన్‌లైన్‌లో ఉన్నాయి గానీ, పళ్ల దూరం చెప్పేవాళ్లు లేరు. విజయనగరం, విశాఖ వైపు పాత కార్లు విరగ్గొట్టే షాపులన్నిటికీ కబురు పెట్టాను. చివరికి ఒకచోట పాత యాంటెనా ఒకటి దొరికింది. మోటారు తుప్పు ముద్ద, రాడ్డూ తాడూ మాత్రం చక్కగా ఉన్నాయి.

కొనేముందు మూడు కొలతలు చూడాలి. తాడు మందం. అడుగు గొట్టం బయటి మందం, అది పై నట్టులో పట్టాలి. పళ్ల దూరం. మూడోది కంటితో తేలదు. పాత తాడులో అరగని చోట ఇరవై పళ్లు లెక్కపెట్టి ఎంత పొడవు వచ్చిందో స్కేలు మీద గుర్తు పెట్టుకోండి, కొత్తదాని మీద అదే పొడవులో ఇరవయ్యే రావాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా చక్రం రెండు రోజుల్లో మిగతావాటిని తినేస్తుంది. ఇంకో మాట, ఈ కొలతలు తీసేదాకా పాత తాడుని పారేయకండి.

ఎక్కించడం

దీనికి ఇద్దరు కావాలి. మా తమ్ముడు కేబిన్‌లో రేడియో దగ్గర కూర్చున్నాడు, నేను బయట. యాంటెనాని దాని చోట నిలబెట్టి, ఎర్తు బిగించి, ప్లగ్గులు పెట్టాం. తాడుని గొట్టంలోకి దింపాను. పళ్లు చక్రం వైపు తిరిగి ఉండాలి, ఇది తప్పితే ఎంతసేపు తోసినా పట్టదు. రేడియో ఒకసారి ఆన్ చేసి ఆఫ్ చెయ్యమన్నాను. ఆఫ్ చెయ్యగానే మోటారు దించే వైపు తిరగడం మొదలైంది. తాడుని కాస్త కిందికి నొక్కి పట్టుకున్నాను. టక్ మని పట్టింది. ఇక చేతిలోంచి దానంతటదే లోపలికి లాక్కుపోతుంటే, "అన్నయ్యా, ఆపనా?" అంటున్నాడు తమ్ముడు. వద్దన్నాను. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. రాడ్డు నిటారుగా ఉండేలా చూసుకుంటూ దాంతోపాటే చెయ్యి దించాలి. మిగిలిన కాస్త భాగం చేత్తో నొక్కి, ఇత్తడి బుష్ వేసి, నట్టు బిగించాను. ఆ తర్వాత ఎన్నిసార్లు లేపి దించినా ఎక్కడా తట్టుకోలేదు. లేవడానికి పట్టే సమయం, దిగడానికి పట్టే సమయం ఒకేలా ఉన్నాయి. మొదటిసారి పూర్తిగా లేచినప్పుడు మేమిద్దరం చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాం.

నీళ్ల గొట్టం కొత్తది వేశాను. చివర్ని టైరు మట్టి చిమ్మే చోటు నుంచి తప్పించి, తలుపు కీలు వైపు కిందికి మళ్లించి, వాలుగా కోశాను. పైనుంచి గ్లాసుడు నీళ్లు పోసి, కింద కారుతోందని చూశాకే మడ్‌గార్డు లోపలి రేకు బిగించాను.

రేడియో సంగతి

102 మెగాహెర్ట్జ్ మీద వచ్చే విశాఖ రెయిన్‌బో ఎఫ్‌ఎం స్టేషన్ అల పొడవు సుమారు 2.94 మీటర్లు. అందులో నాలుగో వంతు 73.5 సెంటీమీటర్లు. నా రాడ్డు పూర్తిగా లేస్తే ఇంచుమించు అంతే ఉంటుంది, సగంలో ఆగితే ఆ పొడవు దక్కదు. మొన్న విశాఖ నుంచి వస్తుంటే పాత రోజుల్లో మధ్యలోనే చెదిరిపోయే పాట రణస్థలం దాకా స్పష్టంగా వినిపించింది. మీడియం వేవ్ లెక్క వేరు. విశాఖ 927 కిలోహెర్ట్జ్ అల పొడవు 320 మీటర్లు పైమాటే, దాని ముందు ఈ రాడ్డు ఏ మూలకీ చాలదు. అక్కడ రాడ్డుకీ డెక్‌కీ (బండిలోని రేడియో పెట్టెకీ) జత కుదరడం ముఖ్యం. పాత డెక్‌లకి యాంటెనా ప్లగ్గు దగ్గర చిన్న ట్రిమ్మర్ స్క్రూ ఉంటుంది. రాడ్డు మార్చాక డయల్‌ని 1400 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల బలహీనంగా వచ్చే స్టేషన్ మీద పెట్టి, శబ్దం అన్నిటికంటే గట్టిగా వచ్చేదాకా ఆ స్క్రూని అటూ ఇటూ తిప్పాలి. నా క్యాసెట్ డెక్‌లో పావు చుట్టు తిప్పితే సరిపోయింది.

కొత్త స్టీరియో ఉన్నవాళ్లకి ఒక మాట. వాటిలో చాలావాటికి పూర్తి నీలం తీగ, తెల్ల గీత ఉన్న నీలం తీగ అని రెండుంటాయి. మొదటిది యాంటెనాకి, రెండోది యాంప్లిఫయరుకి. ఏదైనా సరే రిలేని పడేయడానికి మాత్రమే. మోటారుని నేరుగా దానికి కలిపితే స్టీరియో లోపల కాలిపోతుంది.

నా డెక్ క్యాసెట్ పెట్టినా నీలం తీగలోకి కరెంటు పంపుతుంది, రాడ్డు ఊరికే లేస్తుంది. అందుకని ఆ తీగ మధ్యలో డ్యాష్‌బోర్డు కింద ఒక చిన్న స్విచ్ పెట్టాను. చెట్ల కొమ్మలు వేలాడే పల్లె దారుల్లో కూడా అది పనికొస్తోంది. రాడ్డుని వారానికోసారి పొడిగుడ్డతో తుడిచి, నూనె చెయ్యి ఒకసారి రాసి మళ్లీ తుడిచేస్తున్నాను. రాడ్డుకి గ్రీజు మాత్రం పెట్టకండి, దుమ్మంతా దానికే అంటుకుని గొట్టంలోకి దిగుతుంది. ఇక మిగిలింది మడ్‌గార్డు మీద యాంటెనా కింద ఉండే రబ్బరు వాషర్. ఎండకి బీటలు తీసింది. సైజు చూసి లోపలి ట్యూబు ముక్క నుంచి కోసి పెట్టాలి, అక్టోబరు వానల లోపు.