మాధవాయిపాలెం రేవులో ఒక రోజు షూటింగ్

నరసాపురం వచ్చాక రైలు ఇంకెక్కడికీ వెళ్ళదు. పట్టాలు అక్కడితో సరి, ఆ తర్వాత గోదావరే. ఐదుగురం దిగాం. మూడు బ్యాగులు, ఒక ట్రైపాడ్, మొహాల మీదకి ఎండ మళ్ళించడానికి రెండు థర్మాకోల్ షీట్లు. ఆ షీట్లు ఇక్కడ ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరుకుతాయిరా అన్నా మా డైరెక్టర్ వినలేదు, హైదరాబాద్ నుంచి బెర్తు కింద పెట్టి మోసుకొచ్చాడు. దిగేసరికి ఒకటి రెండు ముక్కలైంది.

సినిమాకి డబ్బు పెట్టింది మేమే. అందరం కలిసి వేసిన చీటీ పాడుకుని మొదలుపెట్టాం. కెమెరా ఒక పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ స్నేహితుడిది. ధనుర్మాసం, ముహూర్తాలు లేవు కాబట్టి ఊరికే ఇచ్చాడు. కథ చిన్నదే. లేసు అల్లే ఒకావిడ అవతలి ఒడ్డున సఖినేటిపల్లి వైపు నుంచి పంటెక్కి (బళ్ళనీ మనుషులనీ నది దాటించే ఇంజిన్ పడవ) నరసాపురం వచ్చి, అల్లిన సరుకు ఏజెంటుకి ఇచ్చి, డబ్బు అడగలేక తిరిగి వెళ్ళిపోతుంది. నటించింది మా స్నేహితురాలు, బ్యాంకు ఉద్యోగి. నా పని సౌండు, కంటిన్యుటీ (ఒక షాట్‌లో ఉన్నవి తర్వాతి షాట్‌లోనూ అలాగే ఉన్నాయో లేదో చూడటం), టీలు తేవడం.

మా కెమెరావాడి పెద్దమ్మగారి ఊరు నరసాపురమే. బస అక్కడే. ఈ ఊళ్ళో లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు వంటయ్యాక అరుగు మీద కూర్చుని అల్లుతారు, అది ఓడలెక్కి విదేశాలకి పోతుంది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పెద్దమ్మగారు పదేళ్ళ వయసు నుంచీ అల్లుతున్నారు. మా స్నేహితురాలికి రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పారు కానీ రెండు సాయంత్రాల్లో వచ్చే విద్య కాదది. చివరికి చేతుల క్లోజప్‌లో పెద్దమ్మగారి చేతులే పెడదామనుకున్నాం. ఇద్దరికీ ఒకే రకం మట్టిగాజులు కొన్నాం.

తెల్లవారుజామున దిబ్బరొట్టె, పాకం తిని రేవుకి బయల్దేరాం. వశిష్ఠ గోదావరి మీద మంచు తెరలు. అవతలి ఒడ్డు కనపడదు, పంటు ఇంజిన్ డబడబ మాత్రం వినిపిస్తోంది. ఈ మాధవాయిపాలెంలో 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు ఓడలు కట్టించారంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. వాళ్ళ నోట్లో ఊరి పేరు మాడపొల్లం అయింది, ఇక్కడి నుంచి వెళ్ళిన తెల్లటి నూలుగుడ్డకి కూడా అదే పేరు పడింది. మా డైరెక్టర్ ఈ సంగతి ఎక్కడో చదివి, నాయికకి తెల్ల నూలుచీరే కట్టాలన్నాడు. తెల్లచీర కెమెరాకి తలనొప్పి, ఎండ పడితే మెరుపు తప్ప ఏమీ కనపడదు. పైగా వెలుతురు తగ్గించడానికి లెన్సుకి తగిలించే ఎన్‌డీ ఫిల్టర్ హైదరాబాద్‌లో మర్చిపోయాం. థర్మాకోల్ మాత్రం మర్చిపోలేదు.

పంటు ఆగే చోటికి కాస్త పక్కగా పాత స్నానాల మెట్లున్నాయి. తొమ్మిదింటికి మంచు విడిచింది. నిండు నది, నీళ్ళు పై నుంచి మూడో మెట్టు దాకా ఉన్నాయి. నాయిక మెట్టు మీద కూర్చుని, గుడ్డమూట విప్పి, చివరి ముక్క అల్లడం పూర్తిచేసే సీను. నీళ్ళ మీద ఎండ పడి, ఆ అలల వెలుతురు ఆమె గడ్డం కింద కదులుతోంది. మా దగ్గరున్న ఏ లైటూ అలా పడదు. వైడ్ షాట్ మూడో టేక్‌లో ఓకే అయింది. ఆమె ఒళ్ళో ఉన్న అంచు లేసుని ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను. ఆరు వంపులు.

క్లోజప్ వెంటనే తీసుండాల్సింది. ‘పంటు ఖాళీగా ఉంది, ముందు అది లాగించేద్దాం’ అన్నాడు డైరెక్టర్. పంటులో తీయడం ఎవరూ నేర్పని విద్య. మోటారు సైకిళ్ళు, ఆటోలు, పాలక్యాన్లు, కొబ్బరికాయల బస్తాలు, మధ్యలో మనం. ‘కెమెరా వైపు చూడకండి’ అని చెబితే అప్పటిదాకా చూడనివాళ్ళు కూడా చూస్తారు. ‘హీరో ఎవరండీ?’ అని ఒకాయన, ‘మా బండి పడుద్దాండీ?’ అని ఇంకొకాయన. చివరికి థర్మాకోల్ ముక్క నా చేతికిచ్చి, ఆ చివరకి వెళ్ళి ‘యాక్షన్’ అని అరవమన్నారు. జనమంతా నా వైపు తిరిగారు, ఈ చివర అసలు షాట్ అయిపోయింది. ఇంజిన్ చప్పుడుకి డైలాగు ఒక్కటీ పనికిరాదు, డబ్బింగే. అయినా రికార్డర్‌ని ఒళ్ళో పెట్టుకుని ఆ డబడబ నాలుగు ట్రిప్పుల పాటు పట్టుకున్నాను.

భోజనాలు ముగించి రెండున్నరకి మెట్ల దగ్గరికి వచ్చేసరికి గోదావరి లేదు. ఉంది, కానీ ఎక్కడో కింద. పొద్దున నీళ్ళున్న చోట నాలుగు మెట్లు పాచిపట్టి నల్లగా తేలాయి, వాటి కింద బురద, చెప్పు ఒకటి, పీతల బొరియలు. డైరెక్టర్ మొహం చూసి పంటు నడిపే సరంగు నవ్వాడు.

‘అమావాస్య కదండీ. పొద్దున పోటు, ఇప్పుడు లాగేసింది. రాత్రి పదికి మళ్ళీ నిండుద్దండి, ఆయ్.’

‘రేపు పొద్దున?’

‘ఇయ్యాల్టి కంటే ముప్పావుగంట ఆలస్యంగా అండి.’

మాకు ఆ రాత్రి బండికే టిక్కెట్లు. సముద్రం ఎంత దగ్గరో తెలియక కాదు, ముందురోజే అంతర్వేది వెళ్ళి అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నది సముద్రంలో కలిసే చోటు చూసొచ్చాం. అయినా పోటు వేళలు కనుక్కోవాలన్న ఆలోచన ఐదుగురిలో ఒక్కడికీ రాలేదు. షెడ్యూలు మాత్రం రంగులు వేసి ఎక్సెల్‌లో చేసుకున్నాం. ఈ కాలంలో పై నుంచి దిగే నీళ్ళు తక్కువ. దవళేశ్వరం దగ్గర నీళ్ళు కాలవల్లోకి మళ్ళి దాళ్వా చేలకి, అంటే రెండో పంట వరికి, పోతాయి. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ జరుగుతున్నదే. ఇక ఈ కొసన సముద్రం తోస్తే నీళ్ళు, లాగితే బురద.

బకెట్‌తో నీళ్ళు తెచ్చి పైమెట్టు తడిపి చూశాం. ఎవరో మెట్లు కడిగినట్టుంది తప్ప నదిలా లేదు. చివరికి కెమెరావాడు, ‘ఫ్రేములో నీళ్ళెందుకురా, చేతులూ ఒళ్ళో లేసూ చాలు, వెలుతురు నేను చూసుకుంటా’ అని, ఇంటికి పరిగెత్తి పెద్ద స్టీలు పళ్ళెం, విరిగిన అద్దం ముక్కలు తెచ్చాడు. పళ్ళెంలో నీళ్ళు పోసి, అద్దం ముక్కలు అడుగున వేసి, ఎండకి వాలుగా పెట్టి వేలితో కదిపాడు. పొద్దుటి వెలుతురు పెద్దమ్మగారి చేతుల మీద కదలడం మొదలైంది. వాడిని ఆ క్షణంలో ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఫోన్ తీసి పొద్దుటి ఫోటోతో పోల్చాను. గాజులు సరే, చీర కొంగు సరే. లేసు చూశాను. తొమ్మిది వంపులున్నాయి.

‘పెద్దమ్మగారూ, ఇది...’

‘ఖాళీగా కూర్చోలేక వేశాను నాయనా. మీరంతా పంటులో ఉన్నారు కదా.’

ఎవరం ఏమీ అనలేదు. ఒక్కో వంపుకీ ఆవిడకి ముప్పావుగంట పడుతుందని మొన్న రాత్రే చెప్పారు. దానికి ఏజెంటు ఇచ్చేది ఎంతో కూడా చెప్పారు. ‘ఉండనీలెండి, ఎవరూ చూడరు’ అన్నాడు డైరెక్టర్, చెప్పుల వైపు చూస్తూ. ఆవిడ నా ఫోన్ తీసుకుని, ఫోటో పెద్దది చేసి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకున్నారు. ‘ఆరేగా’ అన్నారు. సూది తీసి జాకెట్టుకి గుచ్చుకుని, దారం కొస పట్టుకుని లాగారు. చిర్... చిర్... అంటూ వంపు వెంట వంపు విడిపోయింది. నిమిషం కూడా పట్టలేదు. దారం ఒళ్ళో కుప్ప పడింది. రేవులో ఆ రోజు నాకు దొరికిన ఒకే ఒక్క నిశ్శబ్దం అదే. రికార్డర్ ఆన్‌లో ఉంది.

‘మా పెద్దమ్మ టైముకి డబ్బిద్దాంరా’ అన్నాడు కెమెరావాడు, ఎవరి వైపూ చూడకుండా.

‘ముందు ఎండ పోతోంది, తియ్యండి’ అన్నారావిడ.

ఎడమ చూపుడు వేలికి దారం ఒక చుట్టు. దారం ఒరుసుకుని ఒరుసుకుని ఆ వేలి మీద సన్నటి గాడి పడిపోయింది. కుడిచేతిలో అగ్గిపుల్ల కన్నా సన్నటి స్టీలు సూది, కొసన కొక్కెం. కొక్కెం ముడిలోకి దూరుతుంది, దారాన్ని పట్టుకుంటుంది, వెనక్కి వస్తుంది. ఆవిడ కళ్ళు లేసు మీద లేవు, పళ్ళెం కదుపుతున్న కొడుకు వరస కుర్రాడి వేళ్ళ మీద ఉన్నాయి. రెండు టేకులు.

పొద్దు వాలుతుంటే పంటు మీద తిరుగు ప్రయాణం షాట్ ఒకటి తీసి పేకప్ చెప్పాం. రాత్రి బండిలో ల్యాప్‌టాప్ మీద క్లోజప్ చూసుకున్నాం. వెలుతురు కలిసింది, వంపులు ఆరే ఉన్నాయి. దారం మాత్రం తిన్నగా లేదు. ఉండ నుంచి వేలి దాకా చిన్న చిన్న మెలికలు. అల్లి విప్పిన దారం కదా. డైరెక్టర్ చూశాడు, నేనూ చూశాను, ఆ మాట ఎత్తకుండా ల్యాప్‌టాప్ మూసేశాం.

భీమవరం దాటాక కెమెరావాడు పెద్దమ్మకి ఫోన్ చేశాడు. భోజనమైందా, కవరు బియ్యం డబ్బా పక్కన పెట్టాను చూశావా అని అడిగాడు. ఆవిడ ఏదో చెప్పారు. ‘రెండు మళ్ళీ వేసేసిందట’ అన్నాడు ఫోన్ పెట్టేసి. ‘మూడోది వేస్తోంది.’