హవానాలో ప్లాసా దె ఆర్మస్: కొయ్య పరిచిన వీధి

ఈ చౌక్‌కి నేను రెండు పూటలూ వెళ్లాను. దానికో కారణం ఉంది. స్పెయిన్ గవర్నర్ల భవనం పడమటి పక్కన, తూర్పు ముఖంగా ఉంటుంది. ఎండ దాని మీద పడేది మధ్యాహ్నం దాకానే. ఎదుటి వైపున్న ఎల్ తెంప్లెతె అనే మండపానికి సాయంత్రపు వెలుగు కావాలి. ఒకే పూటతో సరిపెట్టుకుంటే ఫొటోల్లో ఏదో ఒకటి నీడలోనే వస్తుంది.

ముందు కిందికి చూడండి. భవనం ముందు వీధిలో పరిచినవి రాళ్లు కావు, ఇటుకల్లా కోసిన కొయ్య దిమ్మెలు. బండి చక్రాల చప్పుడికి గవర్నరుగారి మధ్యాహ్నం కునుకు చెడుతోందని వేయించారని చెప్పుకుంటారు. కథ మాటెలా ఉన్నా, రాతి బాట దిగి దాని మీద అడుగేస్తే చెప్పుల చప్పుడు అణిగిపోవడం చెవికే తెలుస్తుంది. వాన పడిందంటే మాత్రం జారుతుంది, జాగ్రత్త.

గవర్నర్ల భవనం ఉన్న చోట అంతకుముందు ఊరి పెద్ద చర్చి ఉండేది. 1741లో రేవులోని యుద్ధనౌక మీద పిడుగు పడి, మందుగుండు పేలి, చర్చి దెబ్బతింది. ఆ చోటనే 1776లో భవనం మొదలైంది. స్తంభాన్ని చేత్తో తడిమి చూడండి: గవ్వలూ పగడపు గుల్లల అచ్చులూ వేళ్లకి తగులుతాయి. సముద్రపు సున్నపురాయి అది. ఉప్పుగాలి ఆ రంధ్రాల్లోకి చొరబడి లోపలే గడ్డకడితే రాయి పొరలుగా రాలుతుంది. 1899 జనవరి 1న స్పెయిన్ అమెరికాకి, 1902 మే 20న అమెరికా క్యూబాకి అధికారం అప్పగించింది ఈ భవనంలోనే. లోపలి పెరట్లో 1862 నాటి కొలంబస్ పాలరాతి విగ్రహం ఉంది.

మూలనున్న రియల్ ఫ్యుయెర్సా కోట నాకు చౌక్ మొత్తంలో అందమైన పొరపాటుగా తోచింది. 1555లో ఫ్రెంచి దోపిడీ దొంగలు ఊరిని తగలబెట్టాక, 1558 నుంచి 1577 దాకా కట్టారు. గోడలు దిట్టమే, కట్టిన చోటే తప్పు: రేవు ముఖద్వారానికి మరీ లోపల. బురుజు మీద గాలివాటు చూపే కంచు బొమ్మ పేరు హిరాల్దియా. ఇప్పుడున్నది నకలు. అసలుది 1926 తుపానుకి పడిపోయింది. ఇక్కడి రమ్ము సీసాల మీద కనిపించే బొమ్మ అదే.

చౌక్ మధ్యలో 1955 దాకా స్పెయిన్ రాజు ఏడో ఫెర్నాందో విగ్రహం ఉండేది. ఇప్పుడక్కడ ఉన్నది సెస్పెదెస్ విగ్రహం: ఆయన 1868 అక్టోబరు 10న తన బానిసల్ని విడిచిపెట్టి స్వాతంత్ర్య పోరు మొదలుపెట్టినవాడు.

తెంప్లెతె 1828లో కట్టిన చిన్న గుడిలాంటి మండపం. లోపల ఫ్రెంచి చిత్రకారుడు వెర్మే గీసిన పెద్ద చిత్రాలు మూడున్నాయి. ముందున్న సేబా చెట్టు మన తెల్లబూరుగే. 1519లో ఊరి మొదటి క్రైస్తవ పూజ దాని కిందే జరిగిందంటారు. ఇప్పటి చెట్టు అప్పటిది కాదు, చనిపోయినప్పుడల్లా మళ్లీ నాటుతున్నారు. నవంబరు 15 రాత్రి జనం మాట్లాడకుండా మూడు చుట్లు తిరిగి కోరిక కోరుకుంటారు. ఆ రాత్రి వెళ్తే వరస చాలా పొడుగుంటుంది, తొందరగా చేరుకోండి.