రీజియన్ 1

పాత డీవీడీ ప్లేయర్ పోయి వారమైంది. ఎంత తట్టినా ట్రే బయటికి రాలేదు. ఇవాళ ఆఫీసు నుంచి వస్తూ కొత్తది తెచ్చి, వైర్లన్నీ తగిలించి, ముందుగా 'హార్లన్ కౌంటీ యూఎస్ఏ' అనే అమెరికన్ డాక్యుమెంటరీ వేశాను. తెర మీద ఒకటే ముక్క: ఈ రీజియన్‌లో చెల్లదు.

డిస్కు నా డబ్బు, ప్లేయర్ నా డబ్బు. మధ్యలో చెల్లదనడానికి వీడెవడు? డీవీడీల్లో అమెరికాకి 1, మనకి 5 అని ఎప్పుడో గీత గీసి పెట్టారు. పాతదానికి రిమోట్‌తో ఏవో నంబర్లు నొక్కితే అన్నీ ఆడేవి. దీనికి ఆ మంత్రం లేదు. షాపుకి ఫోన్ చేస్తే కుర్రాడు "రీజియన్ అంటే ఏంటి సార్?" అన్నాడు. చిన్నోడు తలెత్తకుండానే "ఆన్‌లైన్‌లో ఉంటుంది కదా నాన్నా" అన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. అలమారా వైపు ఒక చూపు చూసి వంటింట్లోకి వెళ్ళింది. అదే ఎక్కువ మండింది.

ఆన్‌లైన్‌లో సినిమా ఉంటుందేమో. 2006లో క్రైటీరియన్ అనే కంపెనీ వేసిన ఈ డిస్కులో డైరెక్టర్ బార్బరా కాపుల్, ఎడిటర్ నాన్సీ బేకర్ చెప్పే కామెంటరీ ఉంది, వాడకుండా వదిలేసిన సీన్లున్నాయి, పాటలు పాడిన హేజెల్ డికెన్స్ ఇంటర్వ్యూ ఉంది. అవన్నీ ఎవడు పెడతాడ్రా అని వాడికి క్లాసు పీకాను. నిజానికి ఆ కామెంటరీ నేను విన్నది సగమే.

సినిమా మొత్తం కదలకుండా చూసింది నాన్నతోనే. 1973లో కెంటకీ బొగ్గుగని కార్మికులు చేసిన సమ్మె అది. నాన్నకి ఇంగ్లీషు రాదు. "బాయి సినిమా" అనగానే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మొదట్లోనే మనుషులు కన్వేయర్ బెల్టెక్కి పోతుంటారు. "బెల్టెక్కి పోతున్నరేందిరా! మనకాడైతే ఛార్జిషీటే" అన్నాడు. ఇక ఆగలేదు. కప్పు ఎంత కిందికుందో, తను ఏ షిఫ్టులో ఎక్కడ తల కొట్టుకున్నాడో. ఆడవాళ్ళు రోడ్డుకడ్డంగా నిలబడి పనికి పోయేవాళ్ళ బండ్లు ఆపుతుంటే మా బొగ్గుబాయిల ఊరు రుద్రంపూర్ కథ మొత్తం బయటికొచ్చింది. సమ్మెలో ఉద్దెర ఆపేసిన కొట్టాయన, ఆ తర్వాత అమ్మ ఎన్నేళ్ళు ఆ కొట్టు మెట్లెక్కలేదో, అన్నీ. "నాన్నా, కాస్త ఆగు, వినపడట్లేదు" అని వెనక్కి తిప్పాను. కాసేపటికి మళ్ళీ తిప్పాను. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు.

అన్నం తింటున్నంతసేపూ మొత్తం అలమారా అమ్మి పారేద్దామనే అనుకున్నాను. ఎంతొస్తుందో లెక్క కూడా వేశాను. పరువు తక్కువ లెక్క.

పదకొండింటికి అటక మీది పాత ల్యాప్‌టాప్ గుర్తొచ్చింది. దాని డ్రైవ్‌లో రీజియన్ ఐదుసార్లే మార్చనిస్తారు. నాలుగు వాడేశాను, ఇప్పుడు లండన్ వాళ్ళ 2 మీదుంది. ఇంకోసారి మారిస్తే ఇక ఎప్పటికీ 1. లండన్ నుంచి తెప్పించుకున్నవన్నీ మూలకే. బోలెడు పోశాను వాటి మీద. వాటిలో మూడింటికి ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదనుకోండి.

నొక్కేశాను. ఆవిడ లేస్తుంది కాబట్టి సౌండు తీసేశాను. బెల్టు దాకా చూసి పడుకుంటా.