ముదురు పాకం

2025 జనవరి 5, ఆదివారం. ఫ్రిస్కో, టెక్సాస్.

ఒక్క రాత్రి అడ్డంగా రెండు ఓటములు. నిన్న రాత్రి పడుకోబోయే ముందు సిడ్నీ టెస్టులో మనవాళ్ళు ఆస్ట్రేలియా చేతిలో పోయారు. ఇవాళ మధ్యాహ్నం ఆర్లింగ్టన్‌లో కౌబాయ్స్, అంటే ఇక్కడి మా డల్లాస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, పోయారు. ఒకటి పుట్టిల్లు, ఒకటి మెట్టినిల్లు అనుకుంటే రెండు చోట్లా ఒకేసారి మైల.

పొద్దున్నే అనకాపల్లి నుంచి నాన్నగారి ఫోను. "ఏటిరా ఇది, ఆ బుమ్రా ఒక్కడూ ఎంతని మోస్తాడు?" అంటూ మొదలెట్టారు. సిరీస్‌లో 32 వికెట్లు తీసినవాడు నడుం పట్టేసి ఆఖరి ఇన్నింగ్స్‌లో బంతే పట్టుకోలేదు. 3-1తో సిరీస్ పోయింది. 2017 నుంచి మన దగ్గరున్న ట్రోఫీ కూడా దాంతోపాటే పోయింది. మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ రెడ్డి కొట్టిన 114 పరుగులే ఆయనకి మిగిలిన ఆస్తి. అది ఇంకోసారి చెప్పుకుని ఫోను పెట్టేశారు.

మావాడు నాలుగో నంబరు జెర్సీ వేసుకుని ఇడ్లీ తింటున్నాడు. నాలుగు అంటే డాక్ ప్రెస్కాట్, కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు. సెప్టెంబరులో సీజన్ మొదటి మ్యాచ్ రోజునే ఆయనకి నాలుగేళ్ళకి 240 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు. రూపాయల్లో లెక్కేసుకోవడం నాకింకా పోలేదు, రెండు వేల కోట్ల పైమాట. నవంబరు 3న అట్లాంటాలో తొడ వెనక కండరం ఎముక దగ్గర చిరిగింది, ఆపరేషనయింది, ఈ ఏటికి ఆయన ఆట అయిపోయింది. వాడి బుమ్రా వాడికున్నాడు, కానీ నిన్నటి మ్యాచ్ గురించి వాడొక్క మాట అడగలేదు. అక్కడ ఎవరు ఓడినా వాడికి నాన్నా తాతా పోట్లాడుకునే సంగతి, అంతే.

"నాన్నా, ఇవాళ మనం ఓడిపోతేనే మంచిది" అన్నాడు చట్నీ వేసుకుంటూ.

నాకు చుర్రుమంది. పొద్దున్నే ఈ మాటలేంటి అన్నాను. వాడు నిదానంగా పాఠం చెప్పాడు. ఈ లీగులో అందరికంటే ఘోరంగా ఓడిన జట్టుకి వచ్చే ఏప్రిల్‌లో కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్ళని ముందుగా ఏరుకునే హక్కు. ప్లేఆఫ్స్ అనే నాకౌట్ మ్యాచ్‌ల ఆశలు డిసెంబరు 22నే పోయాయి. ఇంక గెలిచి ఏం చేసుకుంటాం, ఓడితే మంచి ఆటగాడైనా దొరుకుతాడు.

ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఆఖరి ర్యాంకు వాడిని ముందు పిలిచి, బాబూ నీకే కాలేజీ కావాలి అని అడిగినట్టుంటుంది నాకీ వ్యవహారం. ఇన్నేళ్ళయినా మింగుడు పడదు. ఓడినందుకు బహుమానమేమిట్రా అంటే, "ఇవాళ మన మీదకి వచ్చే వాషింగ్టన్‌నే చూడు" అన్నాడు. నిజమే. 2023లో వాళ్ళు నాలుగంటే నాలుగే గెలిచి పదమూడు ఓడారు. అందుకు బదులుగా రెండో నంబరులో జేడెన్ డేనియల్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని పట్టుకున్నారు. ఆ పిల్లాడు మొదటి ఏడాదే జట్టుని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళాడు. మన కౌబాయ్స్ వరసగా మూడేళ్ళు 12-5 చేసి, అంటే పన్నెండు గెలిచి అయిదు ఓడి, ప్రతిసారీ ప్లేఆఫ్స్‌లో బోల్తా పడి, ఏరుకునే వరసలో చివర నిలబడ్డారు. కిందటి జనవరిలో గ్రీన్ బే వాళ్ళు వచ్చి మన ఇంట్లోనే 27-0తో మొదలుపెట్టి 48-32తో ముగించి వెళ్ళారు. అటు సూపర్ బౌల్, అంటే లీగు ఫైనల్, లేదు, ఇటు మంచి నంబరూ లేదు. ఆఖరి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరిలో. నేనప్పుడు టెన్త్ పరీక్షలకి చదువుతున్నాను. అమెరికా అన్న ఊసే లేదు.

ఈసారి ఇంకో చోద్యం, ఇల్లే అచ్చిరాలేదు. ఆర్లింగ్టన్‌లో అంతకుముందు ఏడాది లీగు మ్యాచ్ ఒక్కటీ ఓడనివాళ్ళు, ఈ సీజన్‌లో థాంక్స్‌గివింగ్ దాకా అక్కడ ఒక్కటీ గెలవలేదు. న్యూ ఆర్లీన్స్ 44 కొట్టింది. డెట్రాయిట్ 47-9. అది యజమాని జెర్రీ జోన్స్ 82వ పుట్టినరోజు నాడు.

నవంబరు 10న ఫిలడెల్ఫియాతో మ్యాచ్‌కి మావాడి పోరు పడలేక వెళ్ళాం. పైన ఆకాశానికి దగ్గరగా సీట్లు. ఆ స్టేడియం తూర్పు పడమరలుగా ఉంటుంది, రెండు కొసలా గోడంత ఎత్తున అద్దాలు. సాయంత్రం నాలుగు దాటాక పడమటి అద్దాల్లోంచి ఎండ బారుగా మైదానం మీద పడింది. సగం పచ్చిక తెల్లగా మెరిసిపోతోంది, సగం నీడ. మన సీడీ ల్యాంబ్ ఎండ్ జోన్‌లో, అంటే బంతి పట్టుకుంటే పాయింట్లొచ్చే మైదానం కొసలో, ఒంటరిగా, చుట్టుపక్కల ఎవరూ లేకుండా ఉన్నాడు. ప్రెస్కాట్ బదులు ఆడుతున్న కూపర్ రష్ బంతి విసిరాడు. ల్యాంబ్ ముఖం అటు తిప్పాడు, చేతులు మాత్రం బంతి కోసం లేవలేదు. ఎండకి ఏమీ కనబడలేదట. బంతి పక్కనే పడి దొర్లింది. మా వెనక వరసలో ఒక పెద్దాయన టోపీ తీసి మోకాలికేసి కొట్టుకున్నాడు. మావాడు నావైపు చూశాడు, ఏమనాలో నాకూ తోచలేదు. ఆ రోజు 34-6.

పరదాలు వేయించొచ్చు కదా అని అడిగితే జెర్రీ ఒప్పుకోలేదు, అలాగైతే స్టేడియం కూలగొట్టి ఇంకోటి కట్టుకుందాం అని విసుక్కున్నారు. పాటకచేరీలకి ఆ కిటికీలకి పరదాలు వేస్తారు, ఆటకి వేయరు. వారం తిరిగేసరికి హ్యూస్టన్‌తో మ్యాచ్‌కి ముందు పైకప్పు తెరవబోతే రేకు ముక్క ఊడి కింద పడింది. ఆఫీసులో మా తెలుగు బల్ల దగ్గర మర్నాడు తీర్పు వచ్చేసింది: పడమటి కిటికీ, వాస్తు దోషం. నవ్వుతూనే అన్నారు గానీ ఒకాయన మాత్రం నవ్వలేదు. ఆయన ఈమధ్యే ఇల్లు కొన్నాడు.

మా బల్ల దగ్గర అందరూ ఒప్పుకునే ఆటగాడు ఒక్కడే, బంతిని కాలితో తన్ని గోల్ కొట్టే కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ. పక్కనే ప్లేనో కుర్రాడు, సాకర్ ఆడి, అది కుదరక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ ఇటు వచ్చాడు. సెప్టెంబరులో బాల్టిమోర్ మీద 65 గజాల నుంచి కొట్టాడు. సాఫ్ట్‌వేర్ నుంచి బయటపడినవాడంటే మావాళ్ళకి ఉండే గౌరవం వేరు.

ఇవాళ్టి సంగతికి వస్తే, మా ఆవిడ అరిసెల కార్యక్రమం పెట్టుకుంది. పండగ వారం ఇంటికి జనం వస్తారు, అప్పుడు కుదరదని. నిన్ననే బియ్యం నానబోసింది. మధ్యాహ్నం వడేసి, తడి ఆరకముందే మిక్సీ పట్టి జల్లిస్తోంది. "ఏవండీ, బెల్లం పొయ్యి మీద పెట్టాను. కలుపుతూ ఉండండి. నీళ్ళలో వేస్తే మెత్తగా ఉండ కట్టాలి, కట్టగానే నన్ను పిలవండి" అని చెప్పింది. ప్యాకెట్ మీద కొల్హాపూర్ అని ఉంది. అనకాపల్లిలో పుట్టినవాడి చేత కొల్హాపూర్ బెల్లం తిప్పించడమే పెద్ద శిక్ష.

వంటింటి గట్టు దగ్గర నిలబడితే హాల్లో టీవీ కనిపిస్తుంది. అదే కొంప ముంచింది.

మనవైపు క్వార్టర్‌బ్యాక్‌గా ట్రే లాన్స్ ఆడాడు, అటు డేనియల్స్‌ని సగంలోనే కూర్చోబెట్టి మరియోటాని దింపారు. రెండు వైపులా ఎవరికీ పెద్ద పట్టింపు లేని మ్యాచ్. మరి 19-16తో మనం ముందున్నప్పుడు మావాడు సోఫా మీద ఎందుకు కూర్చోలేకపోయాడు? నిలబడ్డాడు. జెర్సీ కాలరు నోట్లో పెట్టుకున్నాడు. వాషింగ్టన్ చివరిసారి బంతి తీసుకుని కొంచెం కొంచెంగా ముందుకి వస్తోంది. నేను గరిటె తిప్పుతున్నాననే అనుకుంటున్నాను. ఆట ముగియడానికి సెకన్లు మాత్రమే ఉన్నాయి. మరియోటా విసిరాడు, మెక్‌లారిన్ ఎండ్ జోన్‌లో పట్టాడు. 23-19.

వాడు దిండు తీసి గోడకేసి కొట్టాడు.

"ఓడిపోతేనే మంచిదన్నావు కదరా!"

"అది వేరు నాన్నా."

కళ్ళలో నీళ్ళున్నాయి. నేను చూడనట్టు పొయ్యివైపు తిరిగాను. పాకం నురగ తగ్గి, చిక్కబడి, గిన్నె అంచుల దగ్గర నల్లబడుతోంది. గబగబా చుక్క తీసి పళ్ళెంలో నీళ్ళలో వేశాను. ఉండ కట్టలేదు, టంగుమంది.

మా ఆవిడ జల్లెడ పట్టుకుని వచ్చి పళ్ళెం చూసింది, టీవీ చూసింది, నన్ను చూసింది. ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది. తడిపిండి ఆరిపోకూడదని ఇంకో బెల్లం దిమ్మ కొట్టి ఈసారి తనే పొయ్యి దగ్గర నిలబడింది. ముదిరిన పాకం పారేయడమెందుకని నేనే కాస్త పిండి అడిగి కలిపి, నువ్వులద్ది, నాలుగు అరిసెలు వత్తి వేయించాను. రంగు మాత్రం అద్భుతంగా వచ్చింది.

7-10తో సీజన్ ముగిసింది. కోచ్ మెకార్తీ కాంట్రాక్టు దీంతో సరి, ఉంచుతారో పంపుతారో రెండు మూడు రోజులు టీవీలో అదే రామాయణం. రాత్రి అన్నాల దగ్గర మావాడు తేలిన లెక్క చెప్పాడు: పన్నెండో నంబరు. ఇవాళ్టి ఓటమి కూడా కలిపి.

"పన్నెండో వాడెలా ఉంటాడు?" అని అడిగాను.

"బానే ఉంటాడు" అన్నాడు, కొరుకుడుపడని నా అరిసెని దవడకేసి నొక్కుకుంటూ.

మంచివి స్టీలు డబ్బాలోకి వెళ్ళాయి. నేను చేసినవాటిలో మిగిలిన మూడూ మా ఆవిడ పాత పెరుగు డబ్బాలో వేసి మూత పెట్టింది. "ఇవి మీ ఇద్దరివి. ఏప్రిల్ దాకా ఉంటాయి" అంది.