మిర్చి కోతల కాలంలో ఆదివారం

నిర్గమకాండం 34:21లో విశ్రాంతి ఆజ్ఞ పక్కనే ఒక మాట ఉంది: "దున్ను కాలమందైనను కోయుకాలమందైనను ఆ దినమున విశ్రమింపవలెను." పని లేనప్పుడు ఎవరైనా ఆగుతారు. ఒక్క వానకి ఏడాది కష్టమంతా పోయే రోజుల్లో ఆగమంటున్నాడు దేవుడు. గుంటూరు చుట్టుపక్కల విశ్వాసులకు ఆ రోజులంటే మిర్చి కల్లాల మీదుండే కాలమే. మనిషి చర్చిలో కూర్చున్నా మనసు కల్లం దగ్గరే తిరుగుతుంటుంది.

అందుకే ఆదివారం విశ్రాంతికి ఏర్పాటు శనివారమే జరగాలి. ముందు కూలి లెక్క. కోతకొచ్చినవాళ్ల డబ్బు పొద్దుగూకేలోగా పూర్తిగా ఇచ్చేయండి. ద్వితీయోపదేశకాండం 24:15 ఈ విషయంలో గడువేమీ ఇవ్వలేదు. కర్నూలు వైపు నుంచి వలస వచ్చి గుడిసెల్లో ఉంటున్నవాళ్లకు పని ఆపితే ఆ పూట తిండికి ఇబ్బంది. బియ్యం, పప్పు, నూనె ముందే అందించండి. నిర్గమ 23:12లో పరదేశికి కూడా విశ్రాంతి ఉంది. రైతు చర్చిలో ఉండి, కూలీలు ఎండలో కోస్తుంటే దాన్ని విశ్రాంతి అనడానికి నాకు మనసొప్పదు.

తర్వాత కల్లం. సాయంత్రం కాయను కుప్ప చేసి, పట్టా కప్పి, అంచుల మీద బరువులు పెట్టండి. గాలికి పట్టా లేస్తే మంచు దిగుతుంది, చెమ్మ తగిలిన కాయకు బూజు పడుతుంది. అలాగని సగం ఎండిన కాయను ఆదివారమంతా కప్పి ఉంచినా రంగు పోతుంది. పొద్దున్నే పట్టా తీసి పరచడం, సాయంత్రం మళ్లీ కప్పడం ఆ రోజు కూడా తప్పదు. గుంటలో పడ్డ ఎద్దును విశ్రాంతి దినాన పైకి తీయరా అని లూకా 14:5లో ప్రభువు అడిగింది ఇలాంటి పని గురించే. "దేవుడు చూసుకుంటాడు" అని పట్టా కప్పకుండా పడుకుంటే అది విశ్వాసం కాదు. నెహెమ్యా 4:9లో యెరూషలేము గోడ కట్టేవాళ్లు ప్రార్థనా చేశారు, కావలీ పెట్టారు.

అసలు నిద్ర చెడగొట్టేది మిర్చి రేటు. గుంటూరు మిర్చి యార్డుకు శని, ఆదివారాలు సెలవు. ఆ రెండు రోజులూ వేలమే ఉండదు, అయినా ఫోన్ చేతిలోంచి దిగదు. సోమవారం మార్కెట్‌కని ఆదివారమే లోడ్ ఎత్తకుండా మంగళవారానికి పెట్టుకోండి. శనివారం రాత్రి ఇంట్లోవాళ్లతో కూర్చుని కాగితం మీద రాయండి: ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్మాలి, ఎంత రేటొస్తే ఇవ్వాలి, ఏ తేదీ దాటితే కోల్డ్ స్టోరేజీకి పంపాలి. ఎండబెట్టడం, తాలు (రంగు పోయిన కాయ) ఏరడం, యార్డుకు చేర్చడం మన పని. వాన, ఎగుమతి ఆర్డర్లు, వేలంపాట మన చేతిలో లేవు. ఆ మూడింటినీ పేరుపేరునా చెప్పి ప్రార్థించి, కాగితం మడిచి పెట్టేయండి. ఏదీ తేల్చుకోకుండా మోకరిస్తే ప్రార్థనలో కూడా అమ్మాలా, ఆపాలా అన్న లెక్కలే నడుస్తాయి. తేల్చుకోవలసినదాన్ని దేవుని మీదికి నెట్టి, దాన్ని భారం మోపడం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

మంగళవారం అమ్మాక గురువారం రేటు పెరగొచ్చు. అమ్మేసిన సరుకు రేటు ఇక చూడకండి. నమ్మితే మంచి రేటు ఖాయమని చెప్పే బోధ వినకండి. 2021–22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు ప్రార్థించే కుటుంబాల చేలల్లోనూ పూత నిలవలేదు. "చేనిలోని పైరు పంటకు రాకపోయినను" అని హబక్కూకు ప్రవక్త ముందే రాసిపెట్టాడు. ఆయన ఆనందం దిగుబడిలో లేదు, దేవునిలో ఉంది.

అప్పు మిగిలితే దాచకండి. గడువు రాకముందే అప్పిచ్చిన కమీషన్ వ్యాపారి దగ్గరికి మనిషిని తోడు తీసుకుని వెళ్లి, ఎంత కట్టగలరో చెప్పండి. నష్టపోయిన ఇంటికి వెళ్లే సంఘస్థులకు ఒక మాట: 1 రాజులు 19లో చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దూత ముందు పెట్టింది రొట్టె, నీళ్లు. రెండుసార్లు తిననిచ్చాడు, మధ్యలో నిద్రపోనిచ్చాడు. మీరూ అన్నం క్యారేజీతో వెళ్లండి, వాక్యం తర్వాత చెప్పవచ్చు. ఆ మనిషి వరుసగా కొన్ని రాత్రులు నిద్రపోకుండా ఉన్నా, చావు మాట ఎత్తినా ఒంటరిగా వదలకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో, చేలో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ ఆ రోజే తీయించి, మరొకరింట్లో తాళం వేసి పెట్టించండి.