ముహూర్తాల్లో డోలు, మిగతా రోజుల్లో పొగాకు

మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో మరో ముగ్గురితో కలిసి బ్యాండ్ నడుపుతోంది. పగలు ఫిజియోథెరపిస్టు ఉద్యోగం. డ్రమ్స్ కొట్టే కుర్రాడు ఎలక్ట్రీషియన్, బేస్ వాయించే అమ్మాయి కేఫ్‌లో పని చేస్తుంది. వారానికో రాత్రి మా గరాజ్‌లో ప్రాక్టీసు. పక్కింటివాళ్లతో పేచీ ఎందుకని పదిలోపే డ్రమ్స్ ఆపేస్తారు.

వాళ్ల పాట పుట్టే పద్ధతి నాకు భలే వింతగా ఉంటుంది. ట్రామ్‌లో వస్తూ ఒకరు ఫోన్‌లో కూనిరాగం రికార్డు చేసి గ్రూపులో పడేస్తారు. ఇంకొకరు దానికి గిటార్ కలిపి తిరిగి పంపుతారు. చాలావరకు అక్కడే పోతాయి. నిలబడ్డదాన్ని ముందు నోటికొచ్చిన అర్థంలేని ముక్కలతో పాడుకుంటారు, అసలు మాటలు చివర్లో వస్తాయి. నలుగురికీ ఒకేసారి సెలవు దొరకదు కాబట్టి ఒక్క పాట పూర్తవడానికి నెలలు పడుతుంది.

మాఘమాసంలో మా అన్నయ్య కూతురి పెళ్లికి ఒంగోలు వెళ్లాం.

"ఏమ్మా, దాన్లో డబ్బులొస్తాయా?" అన్నాడు అన్నయ్య.

"పెట్రోలుకి వస్తాయి మామయ్యా."

ఆయన నవ్వలేదు. మా అమ్మాయి మాత్రం పెళ్లి పందిట్లో సగంసేపు మేళం వాళ్ల దగ్గరే కూర్చుంది. డోలు పెద్దాయన కుడిచేతి వేళ్లకు తొడుక్కునే తొడుగులు చూపించాడు, ఎడమచేత్తో పుల్ల పట్టించాడు. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు కదా, అప్పుడెలా తాతా అని అడిగింది. ఆయన కౌలుకు పొగాకు వేస్తాడట. అసలు చిక్కు మూఢంతో కాదు, మాఘమాసంతోనే అన్నాడు. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు కాలుతుంటే రాత్రంతా మంట కనిపెట్టుకుని ఉండాలి. సరిగ్గా అప్పుడే ముహూర్తాలు. కొడుకుని బ్యారన్ దగ్గర కూర్చోబెట్టి తను ఇటొచ్చాడు.

"మీరూ డబ్బుకే వాయిస్తారా పాపా, ఊరకేనా?" అని ఆయన అడిగితే ఇది పడీపడీ నవ్వింది.

మావారికి ఒక దిగులుంది. కర్ణాటక సంగీతం క్లాసు మధ్యలో మానేసి ఎవరిదో సంగీతం పట్టుకుందని. నాకు ఆ దిగులు లేదు. ఒంగోలు పక్కనే ఉన్న కరవదిలో 1924లో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా, ఇంటి విద్య చేతిలో ఉండగానే తంజావూరు బాణీ మీద మనసుపడి తమిళనాడు వెళ్లి నేర్చుకున్నారు, శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. మా అమ్మాయికి అంత విద్య ఉందని కాదు నేననేది. పొరుగు బాణీ నేర్చుకున్నందుకు ఆయన కరవది వాడు కాకుండా పోలేదు కదా.

తిరిగొచ్చాక, కొత్త పాటలో డోలు పెడదామని బ్యాండువాళ్లు సరదా పడ్డారు. ఇది ఒప్పుకోలేదు. "నాకు వాయించడం రాదు. పుల్ల పట్టుకుని ఫోటో దిగానంతే" అంది.

ఇప్పుడు ఇంట్లో కొత్త పేచీ. ఉద్యోగం వారానికి నాలుగు రోజులకు తగ్గించుకుంటానంటోంది. జీతం అయిదో వంతు తగ్గుతుంది. ఇంటి లోను మాటేమిటని వాళ్ల నాన్న. ఇంకా తేలలేదు. నేను సరేనన్నాను, కారు ఇన్సూరెన్సు మాత్రం ఇకమీదట తనే కట్టుకోవాలని చెప్పి.